మూడక్షరాల ఇంటిపేరు

అప్పట్లో అక్షరానికి నలభై నా రేటు.
ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద, ఉసేనప్ప షెడ్డుకు
పదేండ్ల కింద నేనే రాసినా, రేకు మీద, ఎర్రరంగుతో:
సు. జు. కి.
నూట ఇరవై కావల్ల. నూరిచ్చి టీ తాపించినాడు.

అప్పటికి ఆ ఒక్క బండే బాగుచేసేది వచ్చు ఆయనకు.
తర్వాత అన్నీ వచ్చినాయి, పేరు మటుకు మారలేదు.
పెండ్లాం సుజుకి బీబమ్మ,
ఆమె నడిపేవి సుజుకి చీటీలు,
ఆటోలోళ్లు దింపే చోటు సుజుకి స్టాపు.
స్టాపు కాడ పండుకునే మూడుకాళ్ల కుక్కను
ఎవరో పిల్లోళ్లు సుజుకీ అని పిల్చిరి, అది పలికె.
రేషన్ కార్డులో దూదేకుల ఉసేనప్ప.
ఆ పేరు డీలరు కూడా పైకి చదవడు.

పోయిన ఎండాకాలం
నూలు మిల్లులో కొత్త మిషన్లు బిగించేకి
జపానాయన ఒకాయన దిగినాడు.
అద్దె బండి నిలబడిపోతే షెడ్డుకు తోసుకుంటా వచ్చినాడు.
పేరేందప్పా అంటే
సుజుకి, అన్యాడు.
బండి పేరు కాదు సామీ, నీ పేరు.
సుజుకి.
అట్ల నాలుగు సార్లు.
ఆఖరికి మెడలో కార్డు చూపిస్తే
ఇంగ్లీషు అక్షరాలు కూడా రాసేవాణ్ణి కదా అని
నన్ను పిల్చి చదివించిరి.
అదే, ఉసేనన్నా. నీ ఇంటిపేరే.

మిల్లు పిల్లోడు వెంకోబ మాటలు అటూ ఇటూ మోసినాడు.
వాళ్ల దేశంలో సుజుకీలు లక్షలంట.
బడిలో ఒక్క తరగతిలో ఐదుగురంట,
అయ్యవారు పిలిస్తే ఐదుగురూ లేసి నిలబడతారంట.
డాక్టరు సుజుకి, చేపలమ్మే సుజుకి, జైల్లో ఉండే సుజుకి,
ఎవరికెవరూ ఏమీ కారంట.
బండ్ల కంపెనీకీ ఈయనకూ
ఒక్క బోల్టు చుట్టరికం కూడా లేదంట.
ఉసేనప్ప చెయ్యి గుడ్డకు తుడుచుకొని
ఆదోనికంతా నేనొక్కణ్ణే అని చెప్పు, అన్యాడు.
కొంచెం గర్వంగానే.

ఆ రెండు నెలలు ఊర్లో ఇద్దరు.
పెద్ద సుజుకి, చిన్న సుజుకి.
చిన్నాయనకు ఇంటి నుంచి పార్శిలొస్తే
కొరియరు పిల్లోడు తిన్నగా షెడ్డులో ఇచ్చిపోయినాడు.
విప్పితే నల్లగా, పల్చగా, కాగితాలు.
కార్బన్ పేపరనుకొని రెండు నేను తీసుకున్యా.
బోర్డు మీద పెట్టి గీస్తే పొడిపొడి అయిపోయె, చేప వాసన.
సముద్రంలో పెరిగే పాచంట. అన్నం చుట్టుకొని తింటారంట.
ఆయన నవ్వీ నవ్వీ కండ్లనీళ్లు పెట్టుకున్యాడు.
మిగిలినవి మేమూ తిన్యాము. ఉప్పగా, బాగానే ఉండె.

పోయే ముందురోజు బీబమ్మ అడిగె,
ఆ పేరుకు అర్థమేందని.
వెంకోబ ఆ పొద్దు రాలేదు.
ఆయన షెడ్డంతా వెతికి
పాత సైకిల్ బెల్లు తీసి ట్రింగుమనిపించి
రోడ్డవతల వేపచెట్టును చూపించినాడు.
మల్లా ట్రింగు. మల్లా చెట్టు.
గంట చెట్టా, అన్యది బీబమ్మ.
అదే అయ్యుంటుంది అనుకున్యాము.

ఉసేనప్ప లోపలికి పోయి
టైర్ల వెనకాల నుంచి వాళ్ల నాయన విల్లు తెచ్చినాడు,
దూది ఏకే విల్లు. బూజు దులిపి
నరం మీద స్పానరుతో ఒక్కటి కొట్టినాడు.
ధుమ్మ్.
ఎప్పటిదో ఒక పోగు లేసి గాల్లో తిరిగె.
ఇది నాది, అన్యాడు, ఎదమీద చెయ్యేసుకొని.
ఆయన బెల్లు కొట్టె. ఈయన విల్లు కొట్టె.
కుక్క, దేనికి పలకల్లో తెలీక, చూస్తా కూర్చునె.

రేకు వెలిసిపోయిందని నిన్న మల్లా పిల్చినారు.
ఇప్పుడు అక్షరానికి అరవై.
ముందర దూదేకుల అని కూడా రాయనా, అన్నా, అంటే
రేకును చానాసేపు చూసి
చోటు చాలదులే, పాతదే రాయి, అన్యాడు.
చోటుండె. నాలుగక్షరాలే కదా.
నేనేమీ అనలేదు.

రాసి, కింద మూలన, లెక్కలో లేకుండా,
చిన్నగా నాది పెట్టినా: కేశవ ఆర్ట్స్.
కేశవ నేను కాదు.
నాకు కుంచె పట్టించినాయన.